పునర్దర్శన ప్రాప్తిరస్తు

పాత వీడియో గేముల లోకంలో ఒక పూజావిధానం స్థిరపడిపోయింది. భక్తుడు స్నానం చేశాడో లేదో మనకు తెలియదు గాని, చేతులకు తెల్లని గ్లవ్స్ తొడుక్కుని కెమెరా ముందు ఆసీనుడై, 1982 నాటి అట్టపెట్టె ఒకదాన్ని హారతి పళ్ళెంలా రెండు చేతులా ఎత్తి చూపుతాడు. పెట్టె మూలలు నలగలేదని, ముద్రణ రంగు వెలవలేదని, లోపలి మాన్యువల్ మడత విప్పనే లేదని పరవశంతో వర్ణించి, కొన్న ధర చెబుతాడు. ఆ తరువాత గేమును సుమారు తొంభై సెకన్లు ఆడి, పకపకా నవ్వి, ఇలాంటి చెత్త వల్లనే 1983లో అమెరికా వీడియో గేముల పరిశ్రమ కుప్పకూలిందని తీర్పు ఇచ్చి, మళ్ళీ ఒకసారి ధర చెప్పి ముగిస్తాడు. ఈ క్రతువుకు పునర్దర్శనం అని పేరు. తిరుమలలో మహాలఘు దర్శనానికి వెళ్ళిన భక్తుడిని కదిలించాలన్నా ఎవరో ఒకరు భుజం పట్టి ముందుకు నెట్టాలి. ఈ భక్తులు తమను తామే నెట్టుకుని బయటికి పోతారు.

మా బావమరిది ఈ మతంలో ఈమధ్యనే దీక్ష తీసుకున్నాడు. అతడు డాలస్ శివార్లలో ఉంటాడు; వృత్తి సాఫ్ట్‌వేరు, ప్రవృత్తి అటారీ 2600 అనే, టీవీకి తగిలించి ఆడే పాతకాలపు గేము యంత్రం. అందులోనూ అటారీ సంస్థ స్వయంగా చేసిన గేములంటే అతడికి చిన్నచూపు. బయటి కంపెనీలు చేసినవి, వాటిలోనూ ఎవరూ పేరు వినని కంపెనీలు చేసినవి మాత్రమే అతడి స్థాయికి తగినవి. గత నెలలో 'వాబిట్' అనే కుందేళ్ళ గేము కార్ట్రిడ్జి, అంటే గేమును నింపి యంత్రంలో గుచ్చే ప్లాస్టిక్ డబ్బా, కొని, దానికొక అక్రిలిక్ పెట్టె చేయించి, దేవుడి అరకు పక్కనే అమర్చి నాకు ఫోటో పంపాడు. ఆట ఎలా ఉందని అడిగాను. "ఆడితే కాంటాక్టులు అరిగిపోతాయి బావా" అన్నాడు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ఒక్క వాక్యమే కనుక అతడికి ముందుగా నా కృతజ్ఞతలు.

అరిగిపోవడానికి అసలు అందులో ఎంత సరుకుందో చూద్దాం. 1977లో అమ్మకానికి వచ్చిన ఆ యంత్రానికి ఉన్న మెమరీ 128 బైట్లు. అలవాటు కొద్దీ కిలో అనో మెగా అనో చేర్చి చదువుకున్నవారు దయచేసి వెనక్కు వెళ్ళి మళ్ళీ చదవగలరు. నేటి కంప్యూటర్లు తెలుగు రాతను దాచుకునే పద్ధతిలో ఒక్కొక్క అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి కాబట్టి ఈ వ్యాసం శీర్షిక ఒక్కటే 70 బైట్లు తింటుంది. దాన్నే రెండోసారి రాయడానికి ఆ యంత్రంలో చోటుండదు. కార్ట్రిడ్జిలో సాధారణంగా ఉండేది 4 కిలోబైట్లు. ఇంతవరకు మీరు చదివినదే అందులో పట్టదు. పైగా బొమ్మను ముందుగా గీసి పెట్టుకునే వసతి కూడా లేదు. టీవీ తెరమీద కిరణం ఎడమనుంచి కుడికి ఒక్కొక్క గీతా గీసుకుంటూ పోతుంటే ప్రోగ్రాము దాని పక్కనే పరిగెత్తుతూ, ఇక్కడ కుందేలు చెవి రావాలి, అక్కడ క్యారెట్టు కొన రావాలి అని సరిగ్గా ఆ క్షణానికి అందించాలి. రవ్వంత ఆలస్యమైతే చెవి కుందేలుకు కాక దాని పక్కనున్న గాలికి మొలుస్తుంది. ఈ పరుగు సెకనుకు 60 సార్లు జరగాలి. మన భక్తుడు తొంభై సెకన్లలో నవ్వి అవతల పారేసేది దీన్ని.

ఇలా పరిగెత్తిన మనుషుల పేర్లు పెట్టెమీద వేయడం అటారీకి గిట్టలేదు. జౌళి వ్యాపారం నుంచి వచ్చి అటారీకి అధిపతి అయిన రే కసార్ దగ్గరకు వెళ్ళి, తమ గేములకు తమ పేరూ, అమ్మకాల్లో కొంత వాటా కావాలని అడిగినప్పుడు, కార్ట్రిడ్జిలు బిగించే కార్మికుడికంటే మీరేమీ ఎక్కువ కాదన్న జవాబు వచ్చిందని అక్కడి ప్రోగ్రామరు డేవిడ్ క్రేన్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఒక్క వాక్యంతో ప్రోగ్రామరునూ కార్మికుడినీ కలిపి అవమానించడానికి యాజమాన్య విద్యలో చాలా సాధన ఉండాలి. క్రేన్, అతడి తోటి ప్రోగ్రామర్లు అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కప్లాన్ బయటికి నడిచి, జిమ్ లెవీతో కలిసి 1979లో యాక్టివిజన్ స్థాపించారు. ఒక కంపెనీ కన్సోల్‌కు మరొక కంపెనీ గేములు చేసి అమ్మడం అప్పటివరకు లేని సంగతి. అటారీ కోర్టుకు వెళ్ళింది. చివరికి 1982లో రాయల్టీ తీసుకుని రాజీపడింది.

దాంతో ఆ తలుపుకు గొళ్ళెం లేదన్న సంగతి దేశమంతటికీ తెలిసిపోయింది. పరాయి కార్ట్రిడ్జిని గుర్తుపట్టి తోసిపుచ్చే ఏర్పాటు ఏదీ ఆ యంత్రంలో లేదు గనుక, నాలుగు డబ్బులూ ఒక ప్రోగ్రామరూ ఉన్న ప్రతివాడూ గేముల కంపెనీ అయ్యాడు. పొద్దున్నే పిల్లలకు జావ కాచుకోవడానికి ఓట్స్ అమ్మే క్వేకర్ ఓట్స్ సంస్థ కూడా యూఎస్ గేమ్స్ అనే కంపెనీని కొని రంగంలోకి దిగింది. ఆ కంపెనీ 1982లో విడుదల చేసిన 'స్నీక్ ఎన్ పీక్' గురించి కొంచెం విస్తారంగా చెప్పక తప్పదు, ఎందుకంటే మానవజాతి చేసిన ఆవిష్కరణల్లో నాకు అత్యంత ప్రియమైనది అదే.

అది దాగుడుమూతల గేము. దాగుడుమూతలను గుర్తుచేసే గేము కాదు, సాక్షాత్తు దాగుడుమూతలే. ఇద్దరు పిల్లలు టీవీ ముందు కూర్చుంటారు. దొంగ అయినవాడు కళ్ళు మూసుకోవాలి, లేదా తెరకు వీపు పెట్టి కూర్చోవాలి. ఈలోగా రెండోవాడు జాయ్‌స్టిక్ కదిపి తన బొమ్మను తెరమీది ఇంట్లో ఒక మూల దాచేస్తాడు, బొమ్మ మాయమవుతుంది. అప్పుడు దొంగ ఇటు తిరిగి గది గదీ గాలించాలి. ఇప్పుడు ఆ ఇంటిని ఊహించండి. ఆ ఇంట్లో నిజమైన మంచం ఉంది, దాని కింద నిజమైన చీకటి ఉంది, నిజమైన తలుపు చాటు ఉంది, ఇద్దరు నిజమైన పిల్లలు ఉన్నారు. తల్లి వంటగదిలోంచి వచ్చి చూస్తే పెద్దవాడు టీవీకి వీపు పెట్టి గోడను చూస్తూ అంకెలు లెక్కబెడుతున్నాడు, చిన్నవాడు వాడి పక్కనే, అందరికీ కనబడేలా, సోఫాలో కూర్చుని ఉన్నాడు. ఏం చేస్తున్నారని తల్లి అడుగుతుంది. "వాడు దాక్కున్నాడు, నేను వెతకాలి" అంటాడు పెద్దవాడు. తల్లి చిన్నవాడిని చూపించి "ఇదిగో, ఇక్కడే ఉన్నాడుగా" అంటుంది. "అక్కడ కాదమ్మా, టీవీలో" అంటాడు వాడు, పెద్దవాళ్ళ అమాయకత్వానికి జాలిపడుతూ. సాయంత్రం తండ్రి ఇంటికి వస్తాడు. ఇల్లంతా నిశ్శబ్దం. కొని తెచ్చిన టీవీ, కొని తెచ్చిన కన్సోల్, కొని తెచ్చిన కార్ట్రిడ్జి. పుత్రరత్నం మాత్రం గోడను చూస్తున్నాడు. డబ్బు పోసి కొన్న యంత్రాన్ని చూడకుండా ఉండటమే ఆటగా పెట్టగలిగిన ధైర్యం ఆ తరువాత ఏ కంపెనీకీ రాలేదని నేను ఘంటాపథంగా చెప్పగలను. వేళ్ళ సందుల్లోంచి దొంగచూపు చూస్తే ఆ 128 బైట్ల యంత్రం కనిపెట్టలేదు. ఆ న్యాయం పాతకాలంలోలాగే అన్నదమ్ములు జుట్టు పట్టుకుని తేల్చుకోవలసిందే.

ఇంకా చాలా ఉన్నాయి. రాల్స్టన్ ప్యూరినా సంస్థ తన కుక్కల ఆహారానికి ప్రచారంగా 1983లో 'చేజ్ ద చక్ వాగన్' అనే గేమును చేయించింది. గేము కావాలంటే కుక్క తిండి కొన్నట్టు రుజువులు పోస్టులో పంపాలి. కుక్క లేని ఇంటి పిల్లల గతి ఏమిటో ఎవరూ ఆలోచించినట్టు లేదు. జాన్సన్ అండ్ జాన్సన్ పళ్ళు తోముకునే గేము ఇచ్చింది. టెలిసిస్ వారి 'ఫాస్ట్ ఫుడ్'లో ఒక నోరు, నోరు మాత్రమే, తెరమీద ఎగురుతూ బర్గర్లను మింగుతుంది. ఊదారంగులోని ఊరవేసిన దోసకాయలు ఆరు తింటే ఆట అయిపోతుంది. టెక్సస్‌లోని రిచర్డ్‌సన్ నుంచి వచ్చిన గేమ్స్ బై అపోలో వారి 'లాస్ట్ లగేజ్'లో విమానాశ్రయపు బెల్టు మీదనుంచి రాలిపడే సూట్‌కేసులను కిందనున్న కూలీలు పట్టుకోవాలి, పట్టుకోలేకపోతే పెట్టె పగిలి బట్టలు చెల్లాచెదురవుతాయి. అమెరికా ప్రయాణంలో ఆవకాయ సీసా సర్దిన పెట్టె కోసం బెల్టు దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడిన తెలుగువాడెవడూ ఆ గేమును చూసి నవ్వలేడు. అది మన జీవితచరిత్ర.

ఇవన్నీ గొప్ప గేములని నేను అనడం లేదు. మిథికాన్ కంపెనీ మూడు గేములు చేసింది, మూడూ ఒకదాన్ని మించి ఒకటి నీరసం. కానీ ఆడి విసుగెత్తి చెప్పడానికీ, ఎవరో విసుక్కున్నారని విని చెప్పడానికీ తేడా ఉంది. పరిశ్రమ కూలడానికి కారణం కుందేళ్ళూ సూట్‌కేసులూ మాత్రమే కావు. దుకాణదారులు అమ్ముడుపోని సరుకు వెనక్కు పంపితే, తిరిగి ఇవ్వడానికి డబ్బు లేని చిన్న కంపెనీలు చేతులెత్తేశాయి. వాటి కార్ట్రిడ్జిలు కారుచౌకగా గుట్టలు పోసి అమ్ముడవుతుంటే పక్కనే పూర్తి ధర పెట్టిన కొత్త గేమును కొనేవాడెవడు? అపోలో 1982 నవంబరులోనే దివాలా పిటిషన్ వేసింది. సొంత అంచనాలు తలకిందులైన అటారీ న్యూ మెక్సికోలోని అలమొగోర్డోలో సరుకు పాతిపెట్టింది. 2014లో ఆ చెత్తను తవ్వి వేలం వేస్తే లక్ష డాలర్లకు పైగా వచ్చింది. పాతిపెట్టినందుకు విలువ పెరిగే వస్తువు భూమ్మీద మామిడి టెంక తరువాత ఇదొక్కటే.

ధరల సంగతి వచ్చింది కనుక 'ఎయిర్ రెయిడ్' గురించి కూడా చెప్పాలి. మెన్ ఎ విజన్ అనే కంపెనీ పేరుతో వచ్చిన ఆ గేము కార్ట్రిడ్జి నీలిరంగులో, పైన ఆంగ్లపు టీ అక్షరం ఆకారంలో పిడితో ఉంటుంది. పెట్టెతో సహా దొరికిన కాపీ ఒకటి 2010 వేలంలో 31,600 డాలర్లు పలికింది. ఆ పిడి మీద, ఆ నీలం మీద ఎంత పాండిత్యం పోగుపడిందో చూస్తే అష్టావధానులు సిగ్గుపడతారు. దాన్ని రాసినవాడి పేరు అడగండి. పిడి రంగు గురించి గంటసేపు మాట్లాడిన పండితుడు నీళ్ళు నములుతాడు.

మా బావమరిది అక్రిలిక్ పెట్టెలోని వాబిట్ కూడా అపోలో గేమే. బిల్లీ సూ అనే అమ్మాయి తన తోటలో క్యారెట్లు ఎత్తుకుపోయే కుందేళ్ళమీద కుళ్ళిన కోడిగుడ్లు విసురుతుంది. మగవాడో, అంతరిక్ష నౌకో, నోరో కాకుండా, పేరున్న ఒక ఆడపిల్ల నాయికగా ఉన్న తొలి కన్సోల్ గేముల్లో అది ఒకటి. రాసింది వియత్నాం నుంచి వచ్చిన ఒక యువతి. ఆమె పేరు తోటివారి జ్ఞాపకంలో తప్పుగా మిగిలింది. బాన్ ట్రాన్ అని రాసుకుంటూ వచ్చారు. ఆ తప్పు పేరుతోనే, ఆమె ఎవరో ఎక్కడుందో తెలియకుండానే దాదాపు 40 ఏళ్ళు గడిచాయి. ఆ 40 ఏళ్ళూ పెట్టె మూల నలిగితే ఎంత తగ్గుతుందో, చీటీ చిరిగితే ఎంత తగ్గుతుందో సెంట్లతో సహా లెక్కగట్టిన జనం ఉన్నారు. లేబుల్ ముద్రణలోని తేడాలకు పట్టికలు వేసినవాళ్ళు ఉన్నారు. బతికున్న మనిషిని వెతకాలని మాత్రం వాళ్ళలో ఎందరికి తోచింది? ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు, ఒళ్ళు మండుతోంది. 128 బైట్లలో, కిరణంతో పోటీపడి ఒక పిల్లను నడిపించిన మనిషి పేరును పోగొట్టుకుని, ప్లాస్టిక్ డబ్బాను గాజుపెట్టెలో పెట్టి దండం పెట్టేవాళ్ళు చరిత్రను కాపాడుతున్నామని చెప్పుకోవడం సిగ్గుచేటు! రే కసార్ కనీసం ఎదురుగా కూర్చోబెట్టి నువ్వు ముఖ్యం కాదని చెప్పాడు. వీళ్ళు అదే మాటను ఆరాధన పేరుతో చెబుతున్నారు. చివరికి వీడియో గేముల చరిత్రను పరిశోధించేవారు కొందరు పట్టువదలక వెతికి ఆమెను కనుక్కున్నారు. ఆమె వాన్ మాయ్, అప్పటి పేరు వాన్ ట్రాన్. పేరు రెండుసార్లు రాశాను. అక్రిలిక్ పెట్టెల యజమానులు కావాలంటే పక్కన ధర వేసుకోవచ్చు.

ఇదంతా ఫోనులో బావమరిదికి చెప్పాను. ఓపికగా విన్నాడు, మంచివాడు. రిచర్డ్‌సన్ మీ ఇంటికి ఎంత దూరమని అడిగాను.

"ఇరవై నిమిషాలు. శనివారం శనివారం కూరగాయలకు వెళ్తాం. ఎందుకు బావా?"

"వాబిట్ పుట్టింది అక్కడే."

కొంతసేపు అవతలి నుంచి మాట లేదు. కదిలిపోయాడనే అనుకున్నాను.

"ఆ కంపెనీ ఉన్న బిల్డింగు ముందు కార్ట్రిడ్జి పట్టుకుని ఒక ఫోటో తీసుకుని, దాన్ని పెట్టెతో పాటు ఇస్తే రేటు ఏమైనా పెరుగుతుందంటావా బావా?"