థింసా చేతుల ముడి విప్పొద్దు

అరకు గిరిజనులు వరుసగా చేతులు కలిపి ఆడే థింసాను ఆధునిక నృత్యంతో కలుపుతామనగానే చాలా బృందాలు ముందు చీరల దుకాణానికే వెళ్తాయి. మెళ్లో పూసలు, కొప్పులో పూలు సిద్ధం చేస్తాయి. ఆ తర్వాత డాన్సర్లను రెండడుగుల ఎడంగా నిలబెట్టి కీబోర్డు ట్రాక్ వేస్తాయి. థింసా పోయేది అక్కడే.

అరకు లోయలో ఈ ఆటకు ప్రాణం చేతుల ముడి. పక్కామె వీపు వెనకనుంచి చెయ్యి పోనిచ్చి అవతలామె చెయ్యి పట్టుకుంటారు. ఒకరి మోకాలు వంగితే వరుసంతా వంగాల్సిందే. థింసాలో ఒక రకమైన కుందా థింసాలోనైతే భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటూ ఊగుతారు. ఒంటి బరువును పక్కవారి మీద మోపి తిరిగి తీసుకోవడమే 1972లో అమెరికన్ నర్తకుడు స్టీవ్ పాక్స్‌టన్ మొదలుపెట్టిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ అనే ఆధునిక నృత్యానికీ ఆధారం. వియ్యం కుదిరేది ఇక్కడ, బట్టల దగ్గర కాదు.

సాధన నలుగురితో మొదలుపెట్టాలి. పక్కపక్కన నిలబడేవాళ్ల ఎత్తులో జానెడు తేడా ఉంటే పట్టు జారి చీర కుచ్చిళ్లు ఊడతాయి. గొడ్డి బేట అనే మరో రకం థింసాలో వంగి లేస్తూ ముందుకు సాగి, అలాగే వెనక్కి వస్తారు, ఇలా నాలుగైదుసార్లు. స్టూడియోలో నేర్చినవాళ్లు వెన్ను వంచేసి పది నిమిషాల్లో నడుం పట్టుకుంటారు. వంగాల్సింది మోకాళ్లూ తుంటీ.

పన్నెండు మంది ముడి వేసుకుంటే మనిషికి అడుగున్నర చొప్పున 18 అడుగుల వరుస. 30 అడుగుల వేదిక మీద హాయిగా తిరుగుతుంది. ప్రేక్షకులకు వీపులు కనబడతాయన్న భయంతో దాన్ని తిన్నగా సాగదీయొద్దు. గుర్రపు నాడాలా ముందువైపు తెరిచి ఉంచి, తుడుము అనే డోలు, మోరి అనే ఊదే వాద్యం, డప్పు వాయించేవాళ్లను ఆ తెరిచిన చోట ఒక పక్కకు కూర్చోబెడితే సరి.

ఇక డప్పు. ఏసీ హాల్లో తోలు చల్లబడి వదులవుతుంది, మోత బొంగురుపోతుంది. లోపల మంటకు ఒప్పుకోరు. బయటే కాచి తేవాలి, రెండో జత హాలోజన్ లైటు ముందు వెచ్చగా ఉంచాలి. మైకు తోలుకు ఆనించినట్టు పెడితే శబ్దం పగిలిపోతుంది. మూడడుగులు ఎడం చాలు. దెబ్బ మారితే అడుగు మారుతుంది, కాబట్టి స్టూడియోలోలా అడుగులను ఎనిమిది దాకా లెక్కపెట్టే అలవాటు మానాలి. ట్రాక్ ఉండి తీరాలంటే అది డప్పు వెనక నడవాలి.

బోడ థింసా గ్రామదేవత కోసం ఆడేది. ఊరి పెద్దల్ని అడగకుండా దాని జోలికి పోవద్దు. ఆకులు కోసే తీరును చూపే పోతర్ తోలా థింసాతో మొదలుపెట్టొచ్చు.