“బ్రిడ్జి దాటితే తెలంగాణే కదా” అనేవాళ్లకు సిరోంచ నుంచి జవాబు

మా బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. “తల్లుల మరణాలు తక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మహారాష్ట్ర ముందుంది. దవాఖానలున్నాయి, 108 ఉంది, కాన్పుకు డబ్బులు కూడా ఇస్తారు. అయినా సిరోంచ వైపు ఆడవాళ్లు మూఢనమ్మకాలతో ఇంట్లోనే కని ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు. అంత అవసరమైతే బ్రిడ్జి దాటితే తెలంగాణ ఉండనే ఉంది” అని. పంపినవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. నేను పుట్టి పెరిగింది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచలోనే. ఒక్కో మాటకూ జవాబు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముందు మూఢనమ్మకాల సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మహారాష్ట్రలో నూటికి దాదాపు 95 కాన్పులు దవాఖానల్లోనే జరిగాయి. మిగిలిన ఐదింటినీ మూఢనమ్మకం ఖాతాలో వేయడం అన్యాయం. అడవి పల్లెల్లో వాగు పొంగితే నొప్పులు పడుతున్న మనిషిని మంచం మీద పడుకోబెట్టి నలుగురు భుజాన మోసుకొస్తారు. వాళ్లను పట్టుకుని దవాఖాన అంటే గిట్టనివాళ్లని ఎలా అంటారు?

మహారాష్ట్ర ముందుందన్న లెక్క నిజమే. 2018-20లో లక్ష సజీవ జననాలకు ఇక్కడ 33 మంది తల్లులు చనిపోయారు, దేశం సగటు 97. కానీ ఆ 33లో ముంబై, పుణె, మేము అందరం కలిసే ఉన్నాం. మాకు జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైమాటే. పుణెలో ఉండే ఆమెకూ, మా వైపు అడవి పల్లె జింగానూరులో ఉండే ఆమెకూ కలిపి తీసిన సగటు జింగానూరు ఆమెకు ఏం చెబుతుంది?

ఇక దవాఖాన ఉందన్న మాట. మూడేళ్ల కింద మా వదినకు ఎనిమిదో నెలలో బీపీ పెరిగింది. ముఖం వాచింది, కళ్ల ముందు మెరుపులు వస్తున్నాయంది. రాత్రి పదకొండు దాటాక దగ్గర్లోని దవాఖానకు తీసుకెళ్లాం. నర్సమ్మ బీపీ చూసి, ఫిట్స్ రాకుండా వెంటనే మెగ్నీషియం ఇంజెక్షన్లు రెండు పిరుదులకూ ఇచ్చింది. ఆ తల్లికి చేతులెత్తి దండం పెట్టాలి. కానీ బిడ్డను తీయాలంటే పెద్దాపరేషన్ చేయాలి. “మత్తు డాక్టర్ లేరు, రక్తం లేదు, తీసుకుపోండి” అని చీటీ రాసిచ్చారు. బిల్డింగ్ ఉంది, ఆపరేషన్ థియేటర్ ఉంది, దానికి తాళం వేసి ఉంది.

పెద్దాపరేషన్ ఒక్క డాక్టర్‌తో అయ్యే పని కాదు. గైనకాలజిస్టు, మత్తు డాక్టర్, పసిపిల్లల డాక్టర్, నిల్వ ఉంచిన రక్తం అన్నీ ఒకే రాత్రి ఒకే చోట ఉండాలి. ఒక్కటి లేకపోయినా రిఫర్ చేయడమే. 2021-22 కేంద్ర ప్రభుత్వ లెక్కల్లోనే దేశమంతటా గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన గైనకాలజిస్టుల్లో 74.2 శాతం కొరత ఉంది. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. ఆలాపల్లి మీదుగా గడ్చిరోలికి రెండు గంటల్లో చేరే బండి ఏదైనా ఉంటే చెప్పండి, 108 ఉందన్న మాట ఒప్పుకుంటాను.

నెలలు నిండినవాళ్లను కొన్ని రోజుల ముందే దవాఖాన పక్కన ఉంచే ‘మాహేర్ ఘర్’ పథకం ఉంది. మరాఠీలో మాహేర్ ఘర్ అంటే పుట్టిల్లు. పేరు నాకెంతో ఇష్టం, పథకమూ మంచిదే. వాగు భయం తీరుతుంది. కానీ ఆ పక్క దవాఖానలో మత్తు డాక్టర్ ఉండాలి కదా.

బ్రిడ్జి మాటకొస్తే, ప్రాణహిత మీదా గోదావరి మీదా బ్రిడ్జిలు వచ్చాక మాకు చాలా మేలు జరిగింది. అంతకుముందు పడవే దిక్కు. ఆ రాత్రి వదినను చెన్నూరు మీదుగా మంచిర్యాలకే తీసుకుపోయాం. తల్లీబిడ్డా దక్కారు. అయితే మా గర్భిణి కార్డు మరాఠీలో ఉంది, అక్కడి డాక్టరమ్మకు అర్థం కాలేదు. మందులు, బీపీ ఎప్పుడెంత ఉందో అన్నీ అన్నయ్య చదివి చెప్పాడు. సర్కారు దవాఖానలో ఏ రాష్ట్రం తల్లికైనా కాన్పు ఉచితమే. బెడ్డు దొరక్కపోతే మాత్రం ప్రైవేటే గతి, అక్కడ మా మహారాష్ట్ర కార్డుతో ఆరోగ్యశ్రీ వర్తించదు. మేం పుస్తెలతాడు కుదువ పెట్టి బిల్లు కట్టాం.

ఇంకొక సంగతి. ముందు చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణలో 60.7 శాతం కాన్పులు పెద్దాపరేషన్లే, ప్రైవేటులో అయితే 81.5 శాతం. మహారాష్ట్రలో 25.4. అంటే ఇవతల అవసరమైన కోతకు మనిషి లేడు, అవతల అవసరం లేకపోయినా కోస్తారేమోనన్న టెన్షన్. 2022 జులై వరదల్లో మంచిర్యాల మాతా శిశు ఆసుపత్రిలోకే గోదావరి నీళ్లొచ్చి బాలింతలను తరలించాల్సి వచ్చింది. నది పొంగిన రోజున బ్రిడ్జి దాటీ ఏం లాభం?

ఆ మెసేజ్‌లో అసలు లేనిది ఇంకోటుంది. ఆడవాళ్ల ఆరోగ్యమంటే కాన్పు ఒక్కటే కాదు. మా గడ్చిరోలి జిల్లాలోనే రెండు ఊళ్లలో డాక్టర్ రాణీ బంగ్, అభయ్ బంగ్ బృందం చేసిన అధ్యయనం 1989లో అచ్చయింది. పరీక్షించిన ఆడవాళ్లలో 92 శాతానికి ఏదో ఒక స్త్రీ సంబంధ జబ్బు ఉంది. అంతకుముందు గైనిక్ పరీక్ష చేయించుకున్నవాళ్లు 8 శాతమే.

మా పెద్దమ్మకు గర్భసంచి జారి తొమ్మిదేళ్లయినా ఇంట్లో ఎవరికీ తెలియదు. బట్ట మడిచి పెట్టుకుని మిర్చి ఏరడానికి పోయేది. వదినను చూడటానికి మంచిర్యాల వచ్చినప్పుడు, పెద్దమ్మ మంచం పట్టుకుని నెమ్మదిగా కూర్చోవడం చూసి డాక్టరమ్మ పక్కకు పిలిచి తెలుగులో అడిగింది. అప్పుడు చెప్పింది. “ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నావమ్మా?” అంటే, “ఎవరూ అడగలేదు బిడ్డా” అంది.