ముందు సగం బాలురకు, వెనక సగం బాలికలకు

ఒంగోలు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ (పేరెందుకు లెండి, హైవే మీద ఫ్లెక్సీలు మీరూ చూసే ఉంటారు) రోయింగ్ జట్టును ప్రకటించింది. తొమ్మిది పేర్లు: ఎనిమిది మంది తెడ్లు వేసేవాళ్లు, దారి చూపే కాక్స్ ఒకరు. వీళ్లలో ఈత వచ్చినవాళ్లెందరని అడిగితే స్పోర్ట్స్ ఇన్‌చార్జి గారు నొచ్చుకున్నారు. "ఇది పడవ పోటీ అండీ, ఈత పోటీ కాదు" అన్నారు. కాదనలేం.

కోచ్ గారు మొన్నటిదాకా కబడ్డీ చూసేవారు. కాలేజీ బస్సుల రూట్లు ఇప్పటికీ ఆయనే చూస్తారు. రెండు ఆటల్లోనూ ఊపిరే ముఖ్యమట.

పోటీ దూరం 2,000 మీటర్లు. నీళ్లకేం, గుండ్లకమ్మ రిజర్వాయర్ ఉందిగా అన్నారు. 2022లో దాని గేటు ఒకటి కొట్టుకుపోయింది, 2023 డిసెంబరులో ఇంకొకటి. నీళ్లు సముద్రం పాలయ్యాయి. వాటి వెంటే జట్టు కూడా సముద్రానికి పోయి ప్రాక్టీసు చేసుకోవచ్చు, ఖర్చు కలిసొస్తుంది.

అసలు ముచ్చట పడవది. ఎనిమిది మంది పడవ 17 మీటర్ల పైమాటే. ఒక్కో ముక్క 11.9 మీటర్లు దాటకూడదని రూలు, అందుకే ముక్కలుగా తెచ్చి బిగిస్తారు. లక్షలు పోసి తెప్పించారు, బోల్టుల ప్యాకెట్ ఎక్కడో పోగొట్టారు. మరి ప్రారంభోత్సవం ఆగుతుందా? పోర్టికోలో రెండు ముక్కలూ పెట్టి, రెండింటికీ చెరో కొబ్బరికాయ కొట్టారు. ముందు సగంలో బాలుర జట్టు, వెనక సగంలో బాలికల జట్టు కూర్చుని ఫొటోలు దిగారు. కాక్స్ సీటు వెనక సగంలో ఉండిపోయింది. దాంతో చైర్మన్ గారి బావమరిది కొడుకు బాలికల జట్టులో తేలాడు. మైకులో "మన కాక్స్" అని పరిచయం చేస్తే చప్పట్లు కూడా కొట్టారు. కాక్స్ 55 కిలోలకు తగ్గకూడదని రూలు ఉంది, ఇంతకు మించకూడదని లేదు. ఈ ఒక్క రూలు మాత్రం మనవాళ్లు శ్రద్ధగా చదివారు.

చైర్మన్ గారు హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన దేశపు ఎయిట్ (ఎనిమిది మంది పడవ) జట్టు తెచ్చిన రజతం గురించి పావుగంట మాట్లాడారు. వింటే ఆ పతకంలో ఈ పోర్టికోకూ వాటా ఉందనిపించింది. తర్వాత శాలువాలు, బిర్యానీ. స్పోర్ట్స్ ఫీజు ఎటు పోయిందో వాసన బట్టే తెలిసింది.

ఇదే కాలేజీలో కొత్తపట్నం వైపు నుంచి వచ్చే కుర్రాడు ఒకడున్నాడు. వాళ్ల నాన్నది చేపల వేట. సెలవుల్లో తనూ తెడ్డు పట్టుకుని వెళ్తాడు, అరచేతులు చూస్తే తెలుస్తుంది. జట్టులో వాడి పేరు లేదు. ఎందుకంటే ఫీజు బకాయి ఉందట! ప్రభుత్వం రీయింబర్స్‌మెంట్ వేయకపోతే వాడేం చేస్తాడు? పేరు రాయకపోతే పోయింది, హాల్ టికెట్ కూడా ఆపారు. ఆ తొమ్మిది పేర్లలో పడవ నడపడం తెలిసినవాడు ఒక్కడూ లేడు, స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ మాత్రం అందరికీ వస్తుంది. సిగ్గుండాలి.

బోల్టులు తర్వాత వెతుక్కుందురు గానీ, ముందు ఆ పిల్లాడి హాల్ టికెట్ ఇవ్వండి. పరీక్షలు సోమవారం నుంచే.