తొండగారి దినచర్యకు ఇంటిల్లిపాదీ సహకరించవలెను

అమెరికాలోని కొన్ని తెలుగు ఇళ్లలో అధికార మార్పిడి చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది. ఎన్నికలు లేవు, ప్రమాణ స్వీకారం లేదు. పాప పదో పుట్టినరోజుకి గడ్డం తొండ ఒకటి హాల్లోకి వచ్చింది, అంతే. ఆ వారం నుంచి ఏ లైటు ఎన్నింటికి వెలగాలో, రాత్రి టీవీ ఎప్పుడు ఆగాలో చెప్పేది ఇంటి లోను కట్టే మనిషి కాదు.

దుకాణంలో దాని పేరు బియర్డెడ్ డ్రాగన్. డ్రాగన్ అనేసరికి నిప్పులు కక్కుతుందని ఆశపడతారు గానీ, వంశవృక్షం తిరగేస్తే మన కంచె మీద తల ఆడించే తొండకు దాయాది. ఇద్దరిదీ అగామిడే కుటుంబం. స్వస్థలం ఆస్ట్రేలియా లోపలి ఎండు భూములు. ఆ దేశం తన బల్లుల్ని వ్యాపారానికి ఎగుమతి చేయనివ్వదు. కాబట్టి అమెరికా దుకాణంలో దొరికేది అమెరికాలో గుడ్డు పగలగొట్టుకుని వచ్చిందే. అంటే, పన్నెండేళ్లుగా గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డ మనిషి పొద్దున్నే లేచి పురుగులు మేపుతున్నది పుట్టుకతోనే స్థానికుడైన ప్రాణికి. ఆ హోదాను మన్నించి ఇకపై వారిని తొండగారు అనే అందాం.

తొండగారి తరఫున మొదటి ఫిర్యాదు మన ప్రేమ మీద. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ రాత్రి పూట తొండగారిని ముట్టుకుని, “అయ్యో, మంచుగడ్డలా ఉన్నాడు నా తండ్రి” అని తన శాలువా కప్పుతుంది. శాలువా వేడి పుట్టించదు, లోపల పుట్టిన వేడిని బయటికి పోనివ్వదు, అంతే దాని ఉద్యోగం. తొండగారు ఒంట్లో వేడి పుట్టించుకునే రకం కాదు. లోపల పొయ్యే లేనప్పుడు మూత పెట్టి ఏం లాభం? పైగా పొద్దున లైటు వెలిగాక కూడా ఆ శాలువా అలాగే ఉంటే, వారికీ వారి ఎండకీ మధ్య ఉన్ని గోడ కట్టినట్టు. వారికి కావలసింది మమకారం కాదు, డిగ్రీలు.

ఎన్ని డిగ్రీలు అంటే, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న పెట్టెలో ఒక కొసన రెంటచింతల మే నెల, రెండో కొసన అరకు ఉండాలి. ఎండ కాచుకునే రాయి మీద 40 నుంచి 42 డిగ్రీల సెల్సియస్, అమెరికా లెక్కలో 104 నుంచి 108. చల్లటి కొసన 24 నుంచి 27. మధ్యలో నడుచుకుంటూ తమకు కావలసిన వాతావరణం వారే ఎంచుకుంటారు. పెట్టె అంతా ఒకే వేడిలో ఉంటే అది ఇల్లు కాదు, బాణలి. పెట్టె అంతా గోరువెచ్చగా ఉంటే తిన్న పురుగు అరగదు, కడుపులో కుళ్లుతుంది. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే పైకి ఏమీ కనిపించదు. తొండగారు కదలకుండా పడుకుంటారు, మనం “భలే బుద్ధిమంతుడు” అని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం.

ఇక ఇంటి పెద్ద వంతు. ఆయన పొదుపరి. దుకాణంవాడు 100 వాట్ల హాలోజెన్ బల్బు కొనమంటే, ఆయన హార్డ్‌వేర్ షాపులో నాలుగు ఎల్‌ఈడీలు ఒకే ప్యాకెట్లో దొరికాయని తెస్తాడు. డబ్బా మీద “100 వాట్లకు సమానం” అని స్పష్టంగా రాసి ఉంటుంది మరి. సమానం వెలుగులో. అది తాగే కరెంటు పద్నాలుగో పదిహేనో వాట్లు, కిందికి పంపే వేడి దాదాపు సున్నా. రాయి మీద 26 డిగ్రీలు ఉంటుంది, తొండగారు ఆ దీపం కింద కూర్చుని ఇదేం సూర్యుడురా అని పైకి చూస్తారు. హాలోజెన్ ఫ్లడ్ బల్బు కరెంటు దండగ అని మనం తిట్టుకునేది దాని వేడి గురించే. ఇక్కడ ఆ దండగే మనం కొనుక్కునే సరుకు. 100 వాట్ల హాలోజెన్, 39 వాట్ల అతినీలలోహిత (యూవీ) ట్యూబు కలిసి రోజుకు పన్నెండు గంటలు వెలిగితే దాదాపు 1.7 యూనిట్లు, నెలకు 50. యూనిట్ 15 సెంట్లనుకుంటే ఏడెనిమిది డాలర్లు. ఆయన వదలకుండా కడుతున్న, ఎవరూ చూడని ఓటీటీ చందా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

వేడి ఎంతుందో తెలుసుకోవడానికి గాజుకు అతికించే గడియారం లాంటి గుండ్రటి మీటరు కొంటారు. అది గాజు ఎంత వేడిగా ఉందో చెబుతుంది. తొండగారు గాజు మీద పడుకోరు. రాయి మీదికి గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ ఒకటి, చల్లటి కొసన గాలిలో వేలాడదీసే వైరున్న డిజిటల్ థర్మామీటరు ఒకటి ఉంటే మనిషి అభిప్రాయాలతో పని ఉండదు. బల్బు మరీ కాలుస్తుంటే పైకి జరపాలి, లేదా డిమ్మర్ పెట్టాలి. వేడిని చూసి కరెంటు తగ్గించే థర్మోస్టాట్ పెట్టదలిస్తే డిమ్ చేసే రకమే పెట్టాలి. ఆన్-ఆఫ్ రకం పెడితే బల్బు పది నిమిషాలకోసారి ఆరి వెలుగుతూ హాలు పెళ్లిపందిరి అవుతుంది. ఇక కరెంటుతో కాలే “హీట్ రాక్” అనే వస్తువు దుకాణంలో కనిపిస్తే దండం పెట్టి పక్కకు రావాలి. తొండగారికి పైనుంచి వచ్చే ఎండే అలవాటు. పొట్ట కింద కాలుతోందని వారికి చప్పున తెలియదు, తెలిసేసరికి చర్మం ఊడుతుంది.

పాత తెలుగులో కంచెను వెలుగు అనేవారు. ఆ వెలుగు మీద కూర్చున్న తొండకు ఎండ ఉచితం. పెట్టెలోని తొండగారికి మాత్రం అసలు వెలుగు మనం కొనిపెట్టాలి, అందులోనూ కంటికి కనిపించని భాగం. అతినీలలోహిత కిరణాల్లో యూవీబీ అనే రకం లేకపోతే విటమిన్ డి3 తయారవదు, డి3 లేకపోతే ఎంత కాల్షియం పొడి చల్లినా ఎముకకు పట్టదు. దవడ మెత్తబడుతుంది, కాళ్లు వణుకుతాయి, వంకర తిరుగుతాయి. ఇంత ముఖ్యమైన విషయంలో ఇంటివారి పరిష్కారం: పెట్టెను కిటికీ పక్కకు జరపడం. కిటికీ గాజు యూవీబీని ఆపేస్తుంది, వేడిని మాత్రం సాదరంగా లోపలికి పంపుతుంది. ఫలితంగా తొండగారికి విటమిన్ రాదు, వడదెబ్బ వస్తుంది.

కావలసింది టీ5 హై అవుట్‌పుట్ అనే సన్నటి పొడుగు ట్యూబు, డబ్బా మీద యూవీబీ 10 లేదా 12 శాతం అని ఉన్న రకం, పెట్టె పొడవులో సగానికి తగ్గకుండా. చుట్టలు తిరిగిన చిన్న బల్బు వద్దు, దాని వెలుగు జానెడు మేరకే. ట్యూబును హాలోజెన్ ఉన్న కొసనే పెట్టాలి, ఎండా వేడీ ఒకేచోట దొరకాలి కదా. మధ్యలో జాలీ లేకపోతే వీపుకీ ట్యూబుకీ 40 సెంటీమీటర్ల పైన, జాలీ ఉంటే 30 దరిదాపుల. జాలీ మూడో వంతు యూవీని మింగేస్తుంది, సన్నదైతే ఇంకా ఎక్కువ. ఏడాదికోసారి ట్యూబు మార్చాలి. “ఇంకా వెలుగుతోందిగా” అనేది ఇంటి పెద్ద వాదన. వెలుగుతుంది, మూడేళ్లయినా వెలుగుతుంది. యూవీ ఎప్పుడో సెలవు తీసుకుని ఉంటుంది.

మధ్యాహ్నం తొండగారు రాయి మీద నోరు తెరుచుకుని కూర్చుంటే అమ్మమ్మ కేక వేస్తుంది: “బాబూ, ఆకలేస్తున్నట్టుంది, నోరు తెరిచి చూస్తున్నాడు!” అది ఆకలి కాదు. ఒళ్లు కావలసినంత కాగింది, ఎక్కువైంది నోటి ద్వారా పోతోంది. కాసేపాగి తామే చల్లటి కొసకు నడుస్తారు. అక్కడికి వెళ్లాక కూడా నోరు మూయకపోతే అరకులో రెంటచింతల దూరిందని అర్థం, థర్మామీటరు చూడాలి.

అసలు వివాదం నిద్ర దగ్గర. తొండగారి నెత్తి మీద, రెండు కళ్ల నడుమ కాస్త వెనగ్గా, చిన్న పొలుసు కింద మూడో కన్ను ఉంది. పురాణం కాదు, శరీర శాస్త్రం. బొమ్మ కనపడదు దానికి, వెలుగూ చీకటీ తెలుస్తాయి. ముక్కంటి ఇంట్లో ఉన్నప్పుడు మిగతా వాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలో మనవాళ్లకు వేరే చెప్పాలా? కానీ దుకాణంలో “రాత్రి బల్బు” అని ఎర్రది అంటగడతారు, ఎరుపు వాటికి కనపడదట. భేషుగ్గా కనపడుతుంది. రాత్రంతా ఎర్ర దీపం కింద పడుకోవడం అంటే బార్ సైన్‌బోర్డు ఎదురుగా అద్దెకు దిగినట్టు. చీకటంటే చీకటే. రాత్రి 18 డిగ్రీల వరకూ దిగినా వారికి ఇబ్బంది లేదు. ఇంటి హీటింగు 65 ఫారెన్‌హీట్‌కు తగ్గకపోతే రాత్రి ఏ దీపమూ అక్కర్లేదు. తగ్గితే వెలుగు ఇవ్వని సెరామిక్ హీటరు, థర్మోస్టాట్‌తో, పింగాణీ హోల్డర్లో. ప్లాస్టిక్ హోల్డర్లో పెడితే తెల్లారేసరికి హోల్డరే కారుతుంది.

2016లో ఫ్రాంక్‌ఫర్ట్ మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ఈ తొండ మెదడులో మనకున్నట్టే గాఢనిద్ర, కలల నిద్ర లాంటి రెండు దశలు ఉన్నాయని ప్రకటించారు. ఒక్కో చుట్టు 80 సెకన్లు, రాత్రికి దాదాపు 350 చుట్లు. మనిషికి గంటన్నరకో చుట్టు, రాత్రికి నాలుగైదు. సాఫ్ట్‌వేర్ ప్రొడక్షన్ సపోర్టు డ్యూటీలో ఉంటే రెండు.

కాబట్టి టైమర్ కొనాలి. వేసవిలో 14 గంటలు, చలికాలంలో 10 వెలుగు, మధ్యలో వారానికో పావుగంట చొప్పున మార్చుకుంటూ రావాలి. లైట్లు ఆరడానికి రెండు గంటల ముందే భోజనాలు బంద్, అరిగే వేడి వారికి మిగలాలి. కరెంటు పోతే ముళ్లు తిరిగే టైమర్ అక్కడే ఆగి, వచ్చాక తన పాత లోకంలోంచి మళ్లీ మొదలుపెడుతుంది. బ్యాటరీ ఉన్న డిజిటల్‌ది నయం. మార్చిలో, నవంబరులో దేశంలో చాలా భాగం గడియారం గంట జరిపితే టైమర్ జరపనక్కర్లేదు. తొండగారు కాంగ్రెస్ చట్టాలకు అతీతులు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో గడ్డకట్టే చలిలో రోజుల తరబడి కరెంటు పోయినట్టు పోతే మాత్రం అమ్మమ్మ శాలువా బయటికి తీయొచ్చు. తొండగారి మీద కాదు, పెట్టె చుట్టూ. లోపల ఉన్న వేడి నెమ్మదిగా దిగుతుంది. ఆ రోజుల్లో మేత పెట్టకూడదు.

చలికాలంలో ఏడాది దాటిన తొండగారు తిండి మానేసి మూల చేరి వారాల తరబడి పడుకోవచ్చు. దాన్ని బ్రూమేషన్ అంటారు, ఇంట్లో మాత్రం “పోయాడేమో” అంటారు. ముందే పశువైద్యుడి దగ్గర మలపరీక్ష చేయించి, కడుపు ఖాళీ అయ్యాక పడుకోనిచ్చి, వారానికోసారి వంటింటి తూకంలో బరువు చూడాలి. పదో వంతు తగ్గితే అది నిద్ర కాదు, జబ్బు. ఏడాది లోపు పిల్ల అలా పడుకుంటే వారం ఆగకుండా వెళ్లాలి.

మిగిలింది ఇంటి పెద్దగారి రాత్రి తొమ్మిదిన్నర ఆఫీసు కాల్. డాలస్‌లో వేసవి తొమ్మిదిన్నర అంటే హైదరాబాద్‌లో ఉదయం ఎనిమిది, టీమ్ అంతా తాజాగా ఉంటుంది. తొండగారి పెట్టె పక్కనే రెండు మానిటర్లు, ఒక రింగ్ లైటు. తొండగారు గాజుకు ఆనుకుని తెల్లబారి పడుకున్నవారు ఒక కన్ను తెరుస్తారు. తెల్లారి ముదురు రంగుతో, నల్లబడ్డ గడ్డంతో, పురుగుల గిన్నె వైపు చూడకుండా కూర్చుంటారు. పెట్టెను జరపాలంటే నలుగురు కావాలి, మనిషిని జరపడం తేలిక. పడగ్గదిలో ఓ మూలకు వెళ్లి మాట్లాడుకోవాలి, లేదా లైట్లారాక పెట్టె మీద గాలి ఆడేలా ముదురు గుడ్డ కప్పాలి. దీపాలు చల్లారాకే సుమా. వేడి హాలోజెన్ మీద గుడ్డ వేస్తే వచ్చేది ఫైరింజన్.

కాల్ అయ్యాక మంచినీళ్లకని హాల్లోకి వస్తే లైటు వేయకూడదు, ఫోన్ టార్చీ కూడా. గోడ తడుముకుంటూ రావాలి. దారిలో పాప స్కూలు బ్యాగు ఉంటుంది. బల్లి మనిషి మీద పడితే ఏ అవయవానికి ఏ ఫలమో పంచాంగంలో వరసగా ఉంది, బల్లి కోసం మనిషి పడితే మాత్రం ఏ సిద్ధాంతీ రాయలేదు.