సెంటు 26 సెకన్లలో రక్తంలో కలుస్తుందా?

మళ్లీ తిరుగుతోంది ఆ వాట్సాప్ ఫార్వర్డు. సబ్బు, క్రీము, డియోడరెంటు ఏదైనా సరే సింథటిక్ సెంటు ఉంటే విషమేనంట, 26 సెకన్లలో రక్తంలో కలిసిపోతుందంట, యూరప్‌లో ఎప్పుడో బ్యాన్ చేశారంట, అందుకని నేచురల్ ఆయిల్సే రాసుకోవాలంట.

ముందు ఆ 26 సెకన్లు. ఒక్కో పదార్థం చర్మంలోకి ఒక్కో స్పీడులో దిగుతుంది, కొన్ని అసలు దిగవు, అన్నిటికీ కలిపి ఒకే టైము ఎలా చెప్తారండీ? సెంటులో కొంత లోపలికి పోతుంది, కాదనను, కానీ చాలావరకు గాల్లోకి ఎగిరిపోతుంది, ఎగిరితేనే కదా ముక్కుకి తగిలేది.

బ్యాన్ సంగతి సగం నిజం. సంతానోత్పత్తికి హాని చేయొచ్చని లిలియల్ అనే సింథటిక్ సెంటు పదార్థాన్ని 2022 మార్చి నుంచి యూరప్ కాస్మెటిక్స్‌లో ఆపేశారు. అంతకుముందే అలర్జీల వల్ల లైరల్ అనే ఇంకో సెంటు పదార్థం పోయింది. ఫార్వర్డు రాసినాయన మింగేసిన ముక్క ఏంటంటే, లైరల్‌ని బ్యాన్ చేసిన ఆదేశంలోనే అట్రనాల్, క్లోరోఅట్రనాల్ కూడా పోయాయి, అవి ఓక్ చెట్టు బెరడు మీద పెరిగే నాచులాంటి దాని సారంలో సహజంగానే ఉంటాయి.

ఇక నేచురల్ అయితే సేఫ్ అనే మాట, ఇక్కడే నాకు ఒళ్లు మండేది. లవంగ నూనెలో ఎక్కువ భాగం యూజినాల్, ఫ్యాక్టరీలో చేసిన యూజినాల్‌కీ దానికీ తేడా ఏం లేదు. యూరప్‌లో లేబుల్ మీద పేరు పెట్టి రాయాలన్న 26 అలర్జీ పదార్థాల్లో (2023లో ఆ లిస్టుని 80 దాటించారు) యూజినాల్ ఉంది, దాల్చినచెక్కలోని సిన్నమాల్ ఉంది, నిమ్మగడ్డిలోని సిట్రల్ ఉంది. లావెండర్ ఆయిల్ సీసా మూత సరిగ్గా పెట్టకుండా నెలల తరబడి అలా వదిలేస్తే అందులోని లినలూల్ గాలి తగిలి మారిపోతుంది, అలర్జీ ఎక్కువగా తెప్పించేది ఆ మారినదే. పైగా సబ్బులో సెంటు సాధారణంగా ఒకటి రెండు శాతం, వీళ్లు సీసాలోంచి నేరుగా చెంపకి పూసేది నూటికి నూరు శాతం!

అలాగని సెంట్లన్నీ భేషని అనట్లేదు. యూరప్ సైంటిఫిక్ కమిటీ అంచనా ప్రకారం అక్కడి జనంలో నూటికి ఒకరి నుంచి ముగ్గురికి సెంటు పదార్థాల అలర్జీ ఉంది. మన దగ్గర చాలా సబ్బుల వెనక పర్ఫ్యూమ్ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు, దాని మీద కోపం మాత్రం న్యాయమే. సెంటు కొట్టిన చోటే, మెడ మీదో చంకలోనో, దురదా ఎర్రదనం వస్తుంటే స్కిన్ డాక్టర్‌తో ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. వీపు మీద చిన్న చిన్న బిళ్లలు అంటించి రెండు రోజులు తడపొద్దంటారు, తీశాక ఒకసారి చూసి, ఇంకో రోజో రెండ్రోజులో ఆగి మళ్లీ రమ్మంటారు, ఈ రకం అలర్జీ లేటుగా బయటపడుతుంది కాబట్టి.