పందుల తరఫున రెండు మాటలు

జార్జ్ ఆర్వెల్ రాసిన 'యానిమల్ ఫామ్' 1945లో అచ్చయింది. పశువులన్నీ కలిసి యజమానిని తరిమేసి ఫామ్ చేజిక్కించుకుంటే, చివరికి పందులే దొరలై కూర్చున్న కథ అది; రష్యా విప్లవం మీద వ్యంగ్యం. అప్పట్నుంచీ పందులకు జరుగుతున్న అన్యాయం అంతా ఇంతా కాదు. నెపోలియన్ అనే పంది అంటే స్టాలిన్, స్నోబాల్ అనే పంది అంటే అతని ప్రత్యర్థి ట్రాట్‌స్కీ, తరిమేసిన జోన్స్ దొర అంటే జార్ చక్రవర్తి, చచ్చేదాకా చాకిరీ చేసిన బాక్సర్ గుర్రం అంటే కార్మికవర్గం. ఈ గైడు ముక్కలు బట్టీ కొట్టి కథ అర్థమైపోయిందని చేతులు దులుపుకుంటున్నారు. పందుల వాదన విన్న నాథుడే లేడు.

పాల సంగతే చూడండి. జోన్స్‌ను వెళ్లగొట్టిన మర్నాడు ఐదు బకెట్ల పాలు పిండారు. పాల గురించి మీకెందుకు, ముందు కోత పనికి పదండి అన్నారు నెపోలియన్ గారు. సాయంత్రానికి పాలు లేవు. తర్వాత యాపిల్స్ కూడా పందుల వాటాకే వెళ్లాయి. ఎవరో సణిగితే పందుల తరఫున మాట్లాడే స్క్వీలర్ వచ్చి ఓపిగ్గా వివరించింది: మాలో చాలామందికి పాలంటే అసలు ఇష్టమే లేదు, మెదడుతో పనిచేసేవాళ్లం కాబట్టి మీకోసమే తాగుతున్నాం, మేం నీరసపడితే జోన్స్ మళ్లీ వస్తాడు.

ఇష్టం లేని పాలు జనం కోసం రోజూ తాగడం మాటలా? కార్యకర్తల ఒత్తిడి భరించలేక, ఇష్టం లేకపోయినా పదవి తీసుకున్న నాయకుల్ని రోజూ చూస్తున్న మనకైనా ఆ బాధ అర్థం కావాలి.

పైగా ఇందులో గొప్ప ప్రజాస్వామ్య సంప్రదాయం కూడా ఉంది. గాలిమర దగ్గర్నుంచి ప్రతిదానికీ కొట్టుకు చచ్చే నెపోలియన్, స్నోబాల్ ఈ ఒక్క విషయంలో ఏకగ్రీవం. సభ్యుల జీతభత్యాలు పెంచే బిల్లు మీద మన చట్టసభల్లో మాత్రం ఎప్పుడైనా మైకులు విరిగాయా?

ఆర్వెల్‌కి మాత్రం ఇదంతా నచ్చలేదు. కథ మలుపు తిరిగేది పాలు, యాపిల్స్ దగ్గరేనని, మిగతా పశువులు అప్పుడే అడ్డం తిరిగి ఉంటే బాగుండేదని 1946లో ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. క్రోన్‌స్టాట్ అనే మాట కూడా పక్కనే రాశాడు. అది రష్యా నౌకాదళ స్థావరం; 1921లో అక్కడి నావికులు విప్లవ ప్రభుత్వానికి అలాగే అడ్డం తిరిగారు. వాళ్ల మీదికి సైన్యాన్ని పంపింది ట్రాట్‌స్కీయే, అంటే మనం జాలిపడే స్నోబాలే.

పందుల మనసు తెలిసినవాళ్లు ఆ రోజుల్లో లండన్‌లో లేకపోలేదు. 1944లో జొనాథన్ కేప్ అనే ప్రచురణకర్త పుస్తకం వేస్తానని ఒప్పుకుని, ప్రభుత్వ సమాచార శాఖ అధికారి ఒకరు వద్దనేసరికి వెనక్కి తగ్గాడు. పాలకులుగా పందుల్ని కాక వేరే జంతువుల్ని పెడితే రష్యన్లు ఇంతగా నొచ్చుకోరట! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం విన్నాం గానీ, ఇక్కడ యుద్ధంలో మిత్రదేశమైన రష్యా భుజాలు కూడా లండన్‌వాళ్లే తడిమిపెట్టారు. ఆ అధికారి పీటర్ స్మాలెట్ అని, అతను సోవియట్ ఏజెంటని చరిత్రకారులు తర్వాత తేల్చారు.

ఫేబర్ ప్రచురణ సంస్థ తరఫున కవి టి.ఎస్. ఎలియట్ కూడా వద్దన్నాడు. అయితే ఆయన ఉత్తరంలో ఉన్న రాజనీతి చాణక్యుడికి కూడా తట్టలేదు. మీ పందులు అందరికన్నా తెలివైనవి, ఫామ్ నడిపే అర్హత వాటికే ఉంది, కావలసిందల్లా ప్రజాహితం ఉన్న పందులు అనొచ్చు కదా అన్నాడు. నాలుగేళ్లకి ఆయనకు నోబెల్ వచ్చింది. ఐదేళ్లకోసారి వేలికి సిరా పూయించుకుని మనం వెతుకుతున్నవి సరిగ్గా ఆ ప్రజాహితం ఉన్న పందులే.

అందరికన్నా బాగా అర్థం చేసుకున్నది మాత్రం అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ. రహస్యంగా డబ్బు పెట్టి కథను కార్టూన్ సినిమాగా తీయించింది. 1954లో విడుదలైంది. పుస్తకం చివర్లో పక్క ఫామ్ యజమాని పిల్కింగ్టన్, అంటే పాశ్చాత్య దేశాల దొర, పందులతో కలిసి పేకాడుతుంటాడు. కిటికీలోంచి చూస్తున్న పశువులకు పంది ఎవరో, మనిషి ఎవరో తేడా తెలియదు. సినిమాలో ఆ విందుకు మనుషుల్ని పిలవలేదు. అందరూ పందులే. పశువులు తిరగబడి వాళ్ల అంతు చూస్తాయి.

పేకముక్కలు పట్టుకున్న ఆ దొర ఎవరో డబ్బు పెట్టినవాళ్లకి గైడు లేకుండానే తెలిసిపోయినట్టుంది.