మావయ్య ముక్కు, ఐకేకే ముద్ర

ఒడిశాలోని పర్లాకిమిడిలో నవంబరొస్తే పింఛనుదారులకు ఒకటే పని: బతికే ఉన్నామని ప్రభుత్వానికి చెప్పుకోవడం. ఇప్పుడు బ్యాంకు దాకా పోనక్కర్లేదు, ఫోన్లో ముఖం చూపిస్తే చాలు. రిటైరైన తెలుగు మాస్టారు మా మావయ్య, సరిగ్గా ఆ పొద్దున్నే, మునక్కాయలు కోస్తానని ఆ ముఖాన్ని తీసుకెళ్ళి కందిరీగల తుట్టె దగ్గర పెట్టాడు.

ఒక్కటే కుట్టింది, ముక్కు మీద. కాసేపట్లో కళ్ళజోడు ఆనడానికి చోటు లేకుండా పోయింది. అత్తయ్య సున్నం రాసింది. పక్కింటి ఒడియా పిన్నిగారు ఉల్లిపాయ ముక్క రుద్దారు. ఫోను మాత్రం ‘ముఖం సరిపోలడం లేదు’ అంది. సున్నం తుడిచి చూపించినా అదే పాట.

‘అయితే నాను సచ్చిపోనానేటి?’ కోపమొస్తే మాస్టారి వ్యాకరణం ముందు పరారవుతుంది.

వాళ్ళబ్బాయి బుజ్జి విశాఖలో బయోకెమిస్ట్రీ పరిశోధన చేస్తున్నాడు. సెలవుకొచ్చి ఉన్నాడు. ఇంకేం, దొరికిపోయాం.

‘నిమిషాల్లో వచ్చిన వాపు హిస్టమిన్ అనే రసాయనం పని నాన్నా. ఆ తర్వాతది వేరే కథ’ అని మొదలెట్టాడు. దెబ్బతిన్నచోట టీఎన్‌ఎఫ్, ఐఎల్-1 అనే ప్రొటీన్లు పక్క కణాలకు కబురు మోస్తాయట. కణంలో ఎన్‌ఎఫ్-కప్పాబీ అని ఒక ప్రొటీనుంటుంది. అది కేంద్రకంలోకి దూరిందంటే వాపు జన్యువులన్నీ లేచి కూర్చుంటాయి. మామూలప్పుడు దాన్ని ఐకప్పాబీ అనే ఇంకో ప్రొటీన్ బయటే పట్టుకుని ఉంటుంది. కబురందగానే ఐకేకే అనే కైనేజ్, అంటే ఫాస్ఫేట్ అంటించే ఎంజైమ్, కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి ఐకప్పాబీలో 32, 36 స్థానాల్లో ఉన్న సెరీన్లనే అమైనో ఆమ్లాలకు అంటిస్తుంది. ఆ ముద్ర పడిందా, ఐకప్పాబీకి నూకలు చెల్లినట్టే. ప్రొటీన్లను తుక్కు చేసే ప్రొటియాసోమ్ దాన్ని ముక్కలు చేసేస్తుంది.

ఇలా ఫాస్ఫేట్ అంటించడం, ఊడదీయడం గురించి తేల్చినందుకే క్రెబ్స్, ఫిషర్ అనే శాస్త్రవేత్తలకు 1992లో నోబెల్ వచ్చిందన్నాడు.

‘అంటించిన కథకి నోబెలిచ్చారు. నాకు పింఛనివ్వడానికి ఏడుపు’ అన్నాడు మావయ్య. ముక్కు పట్టుకునే కాస్త ఆలోచించాడు. ‘అంటే ఆ కప్పాబీ నేను. ఎక్కడికీ కదలనివ్వకుండా పట్టుకునేది మీ అమ్మ. ఆ ఐకేకే ఎక్కడ దొరుకుద్దిరా?’

‘తొందరపడకు నాన్నా. లోపలికెళ్ళిన కప్పాబీ లేపే జన్యువుల్లో ఐకప్పాబీది కూడా ఉంటుంది. కొత్త ఐకప్పాబీ పుట్టుకొచ్చి దీన్ని మళ్ళీ బయటికి లాక్కొస్తుంది.’

‘విన్నారు కదా’ అంది అత్తయ్య, వంటింట్లోంచే.

మూడోనాటికి వాపు దిగింది, ఫోను ఒప్పుకుంది. మావయ్యకే నమ్మకం కుదరక బ్యాంకుకెళ్ళాడు. ఇన్నాళ్ళెందుకు ఆలస్యమైందని గుమాస్తా ఒడియాలో అడిగాడు. మావయ్య సగం ఒడియాలో, సగం తెలుగులో, కందిరీగ నుంచి ఐకేకే ముద్ర దాకా ఒక్కటీ వదలకుండా వివరించాడు. అవతలాయన కంప్యూటర్ మీంచి తలెత్తలేదు.

‘ఐకేకే ఒరిజినల్ చూపించండి. జెరాక్సులు రెండు కావాలి.’